ఈరన్న చేను కింద ఎంత మట్టి

పోయిన నెల బద్వేలు నుంచి కోసిగి దాకా ఐదు రోజులు తిరిగి వచ్చాను. దేనికి వెళ్ళావని అడిగిన వాళ్ళకి "మట్టి మందం కొలవడానికి" అని చెబితే కొందరు నవ్వారు. మా పిన్ని మాత్రం "అదీ ఒక ఉద్యోగమేనా తల్లీ?" అని జాలిపడింది. ఉద్యోగమే. నేల మీద మట్టి ఎన్ని అడుగులుంది, ఎంత లోతులో బండ తగులుతుంది అన్నది రంగుల్లో చూపించే పటం ఒకటి దేశమంతటికీ తయారవుతోంది. అందులో కర్నూలు, కడప వైపు ముక్క నా వంతుకు వచ్చింది. మూడడుగుల లోపు మట్టి ఉంటే పసుపు రంగు, మూడు నుంచి పది దాకా నారింజ, పది దాటితే గోధుమ రంగు వేస్తాం. వానాకాలంలో ఒకసారి తిరిగి కొలతలన్నీ తీసుకుని, పటం గీసి, చేతులు దులుపుకున్నాననే అనుకున్నాను.

ఆ చిత్తు పటాన్ని ఊరూరా సచివాలయాల గోడలకి అంటించి, అభ్యంతరాలుంటే రాయమన్నారు. ఎవరు రాస్తారులే అనుకున్నాను. ఒక్క ఉత్తరం వచ్చింది. కోసిగి దగ్గర ఒక పల్లె నుంచి ఈరన్న అనే రైతు రాశాడు: "మా చేనుకు పసుపు రంగు ఏసినారు. మా చేను కింద బండ లేదు. పసుపు ఉంటే సేద్యపు కుంట ఇయ్యరంట. కుంట లేకుంటే ఈ ఏడు గూడా నేను, నా పెండ్లాము గుంటూరు పక్క మిరపకాయలు తెంపేకి పోవాల. మీరే వచ్చి సూడండి."

వాన నీళ్ళు నిలవడానికి చేలో తవ్వే కుంటకి పది అడుగుల లోతు కావాలి. ఈరన్న చేలో రెండున్నర అడుగులకే రాయి తగిలిందని నా పుస్తకంలో, నా చేతిరాతలోనే ఉంది. నా కొలత ఒప్పయితే ఆ మొగుడూ పెళ్ళాలు మూట కట్టుకోవాలి. తప్పయితే నా పటం తప్పు. ఏది కోరుకోవాలో తేల్చుకోకుండానే రైలెక్కాను.

బద్వేలు

నేరుగా కోసిగికే వెళ్ళొచ్చు. కానీ భయస్తురాలిని కదా, ముందు వేరే చోట్ల నా కొలతలు నిలుస్తాయో లేదో చూసుకుందామనిపించింది. కర్నూలు నుంచి బాషా జీపు తెచ్చి బద్వేలులో నా కోసం కాచుకుని ఉన్నాడు. బాషాకి అరవై దాటాయి. జీపు వయసు నేను అడగలేదు. వానాకాలంలో కూడా నన్ను తిప్పింది అతనే.

పొద్దున్నే ఎర్రకారం దోసె తిన్నాం. మాది కోనసీమ. మా వైపు కారం ఆకులో ఓ మూల బుద్ధిగా కూర్చుంటుంది. ఇక్కడ దోసె ఒళ్ళంతా పరుచుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే హోటలాయన గాబరాపడి "కారం తక్కువేసినా మ్మా, సరిపోలేదా?" అన్నాడు. రెండు దోసెలు ఎనభై రూపాయలు, కన్నీళ్ళు ఉచితం.

ఊరి బయట కంది చేను గట్టు మీద, పోయినసారి కొలిచిన చోటుకి జానెడు పక్కన బరమా దించాం. చేత్తో తిప్పే మట్టి బరమా అది. వడ్రంగి బరమాకి పెద్దన్న అనుకోండి. మూడేసి అడుగుల కడ్డీలు ఒకదానికొకటి బిగిస్తూ లోపలికి తిప్పుతూ పోతే మట్టి పైకొస్తుంది. నాలుగు తిప్పులైనా తిప్పకముందే పదిమంది పోగయ్యారు. అందులో ఓ పెద్దాయన తువ్వాలు పరుచుకుని గట్టు మీద కూర్చున్నాడు.

"ఏంది మ్మా, నిధి కోసరమా?" అన్నాడు.

"కాదు పెద్దాయనా, మట్టి కోసం."

"మట్టి కోసరం జీపేసుకోని వచ్చినారా?" అని అందరి వైపూ చూసి నవ్వి, "ఏం దొరికినా ఊరికి బాగం ఈయాల, ముందే చెప్తాండా" అన్నాడు.

గుప్తనిధుల కోసం గుళ్ళ దగ్గర తవ్వి పారిపోయేవాళ్ళతో విసిగిపోయిన జనం వాళ్ళు. తప్పు పట్టడానికి లేదు. నాలుగడుగుల దగ్గర బరమా ఠంగుమంది. పోయినసారీ నాలుగే. నాకు ఎంత ఊరట కలిగిందంటే పెద్దాయనతో సహా అందరికీ టీ చెప్పాను. ఆయన టీ తాగాడు గానీ గుంత పూడ్చేదాకా కదల్లేదు.

బనగానపల్లె దారిలో

రెండో రోజు జమ్మలమడుగు మీదుగా నాపరాళ్ళ సీమలోకి వెళ్ళాం. ఇక్కడ అన్నిటికీ రాయే. ఇంటి గోడ రాయి, పైకప్పు రాయి, అరుగు రాయి, చేల చుట్టూ పలకలు నిలబెట్టి పాతిన కంచె కూడా రాయే. మా ఊళ్ళో చెట్టు మీది మామిడికాయ కొట్టాలంటే మట్టిబెడ్డ వెతుక్కునేవాళ్ళం. రుబ్బురోలు కూడా మా అమ్మ కాపురానికొస్తూ పడవలో తెచ్చుకుంది.

ఓ నాపరాతి గని దగ్గర జీపు ఆపించాను. గనిలో నేల నిలువునా కోసి ఉంటుంది కాబట్టి బరమాతో పని లేకుండానే మట్టి మందం కళ్ళకి కనిపిస్తుంది. అక్కడ పలకలు చీల్చే ఓబులేసు అనే మనిషి అన్నం వేళకి పైకొచ్చి నన్ను చూసి, "ఏం కొలుస్తాండారు?" అన్నాడు. చెప్పాను. అతనికి నవ్వొచ్చింది.

"మట్టి ఉంటే మీకు మేలేమో మ్మా. మాకు అది శనే. మూడడుగులు దాటితే ఎత్తి పారబోసేకే పెట్టుబడంతా పాయ" అన్నాడు.

తన సద్దిలోంచి సంగటి ముద్ద తుంచి, ఊరిబిండి అద్ది నాకూ బాషాకీ పెట్టాడు. వద్దంటే ఒప్పుకోలేదు. వేయించిన శనక్కాయల ఊరిబిండిలో ఎండుమిరప ఉన్నా దోసె లాగా దెబ్బ తీయలేదు. తింటూ గని గోడ వైపు చూశాను. ఈ చివర మట్టి రెండడుగులుంది. పది అంగలు అవతల ఆరడుగులుంది. మళ్ళీ అవతల మూడు. నేను ఒక్కో చేనుకి ఒక్కో గుంతే వేశాను.

లేచేటప్పుడు నా స్టీలు టేపు జారి గని అడుగున నిలిచిన నీళ్ళలో పడింది. ఓబులేసు తొంగి చూసి "పాయ. అది ఇంగ రాదు" అని తీర్పు చెప్పాడు. బనగానపల్లెలో నూట ఎనభైకి కొత్తది కొన్నాను. అంగడాయన "ఇల్లు కడ్తాండారా?" అని అడిగితే అవునన్నాను. రోజంతా మట్టి గురించి చెప్పీ చెప్పీ విసుగొచ్చింది.

ఎమ్మిగనూరు

మూడో రోజు కర్నూలులో బాషా ఇంట్లో పడుకుని, మర్నాడు ఎమ్మిగనూరు చేరాం. ఉగ్గాని తిన్నాం. నానబెట్టిన బొరుగుల్లో పోపు వేసి, పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. బజ్జీ బాషాకి ఇచ్చేసి ఉగ్గాని రెండు ప్లేట్లు లాగించాను.

పన్లో పని ఓ నూలు చీర కొనుక్కుందామని, బాషాకి తెలిసిన నేతగాడు రామాంజనేయులు ఇంటికి వెళ్ళాం. ముందుగదిలో నేలలోకి గుంత తవ్వి, ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తున్నాడు. నేను చీర చూడకుండా గుంతలోకి చూడటం అతనికి వింతగా అనిపించినట్టుంది.

"ఈ గుంత తవ్వినప్పుడు రాయి తగల్లేదా?" అని అడిగాను. ఉద్యోగం అలాంటిది మరి, ఎక్కడికెళ్ళినా వదలదు.

"తగలకేం మ్మా. మొదట ఆ గోడ పక్కన తవ్వితిమి. మోకాలు లోతుకే తగిలె. మా నాయన ఈ ఇల్లు మగ్గానికి పనికిరాదు, అమ్మేద్దామనె. మా అమ్మ తిట్టె. గోడకు పునాది రాళ్ళు ఉండవా, నడిమిట్ల తవ్వి సూడు పో అనె. ఈడ తవ్వితే నడుము లోతు దిగె. ముప్పై ఏండ్లాయ, ఇందులోనే కూసోని నేస్తాండా."

బాషా పకపకా నవ్వాడు. నేను నవ్వలేదు. చీర పద్నాలుగు వందలు అన్నాడు. బేరం ఆడలేదు. బేరం ఆడకుండా కొన్న మొదటి చీర అదే కావచ్చు.

మంత్రాలయం

ఆ సాయంత్రానికి మంత్రాలయం చేరి గది తీసుకున్నాం. తుంగభద్రలో నీళ్ళు పల్చగా ఉన్నాయి. రాళ్ళ మీద బట్టలారేసుకుంటూ కన్నడం వాళ్ళు, తెలుగు వాళ్ళు కలిసిపోయి ఏది ఏ భాషో తెలియకుండా మాట్లాడుకుంటున్నారు. తులసి మాల ఇరవై రూపాయలకి వంద నోటిస్తే అమ్మే ఆమె "చిల్లర దుడ్లు లేవక్కా, ఇంకో నాలుగు కొనుక్కో" అని చల్లగా చెప్పింది. మా వైపు అయితే ఇదే మాటకి మూడుసార్లు అండీ అని తగిలించి మరీ అంటగట్టేవాళ్ళు. రెండు కొని, మిగతా దుడ్లకి పక్క బండి మీది అరటిపళ్ళు ఇప్పించుకున్నాను.

స్వామి ముందు చేతులు జోడించి నిలబడ్డాను గానీ ఏం అడగాలో తెలియలేదు. రెండున్నర అడుగులే ఉండాలని మొక్కుకుంటే పాపం. ఉండకూడదని మొక్కుకుంటే ఏడాది కష్టం గంగపాలు. వెనక వాళ్ళు తోసేదాకా అలాగే నిలబడి, చివరికి ఏమీ అడగకుండా పక్కకి వచ్చేశాను.

కోసిగి

ఐదో రోజు పొద్దున ఈరన్న తన ఊరి మలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, నలభై ఉంటాయేమో. భార్య ఉరుకుందమ్మ చేలోనే ఉందని చెప్పాడు. ఊళ్ళో సగం ఇళ్ళకి తాళాలు వేసి ఉన్నాయి. "అందరూ పోయినారు మేడం. మేము సోమవారం బండికి పోవాల" అన్నాడు. ఆ రోజు శనివారం.

చేలో పత్తి ఏరడం అయిపోయి ఎండుకట్టె నిలబడి ఉంది. పైన నల్లమట్టి పగుళ్ళిచ్చింది. పాత చోటే మళ్ళీ కొలవాలన్నది మా పద్ధతి. అందుకని గట్టు వెంట నడిచి, పుస్తకంలో రాసుకున్న చోటు వెతికి, దానికి జానెడు పక్కన బరమా దించాం. బాషా ఒక వైపు, ఈరన్న ఒక వైపు పట్టుకుని తిప్పారు. రెండడుగులు మెత్తగా దిగింది. ఇంకాస్త దిగి కర్రుమని ఆగిపోయింది.

కొలిచాను. రెండున్నర అడుగులు. నా కొలత ఒప్పే. సంతోషించాల్సిన మాటే, సంతోషం రాలేదు. ఈరన్న బరమా పిడి వదిలేసి నా మొహం వైపు చూస్తున్నాడు. కొత్త టేపుని మెల్లగా చుట్టుకుంటూ కూర్చున్నాను.

ఇంతలో కట్టె పీకుతున్న ఉరుకుందమ్మ చేను మధ్య నుంచి కేకేసింది. "ఏమప్పా, ఆడ తిప్పుతాండారేంది? ఆడ మీ నాయన రాళ్ళు పూడ్చినాడు గదా?"

"ఏం రాళ్ళు?" అని లేచాను.

ఆమె దగ్గరికొచ్చి, చిన్నపిల్లకి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పింది. "చేన్ల ఏరిన రాళ్ళు మేడమ్మా. దున్నేటప్పుడు మడకకు తగిలినప్పుడల్లా ఏరి, గట్టు పక్కన కాలవ తీసి పూడ్చి, పైన మట్టి కప్పినాడు మా మామ. ఈ ఊర్లో అందరూ అట్లనే చేస్తారు. ఇట్లాంటివి గట్టు పక్కన కాకుంటే యాడ పూడుస్తారు? చేను నడిమిట్ల పూడుస్తారా?"

నేను ఈరన్న వైపు తిరిగి, "మరి నువ్వెందుకు చెప్పలేదయ్యా?" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

"పెద్ద మేడం, తెలీకుండా ఈడ తిప్పుతారా అనుకున్యా" అన్నాడు. అతను పరిహాసం ఆడలేదు, అదే బాధ.

వానాకాలంలో నేను గట్టు మీదే ఎందుకు కొలిచానో అప్పుడు చెప్పాను వాళ్ళకి. పత్తి నడుం ఎత్తు ఉంది. మా నాన్న వరి పండించేవాడు. ఒకరి పంటలో కాలు పెడితే చెంప పగిలేది. గట్టు మీద నడవడం ఒక్కటే నాకు తెలిసిన మర్యాద. మా ఊళ్ళో గట్టుకీ చేనుకీ మట్టి ఒకటే, రాయన్నదే లేదు. ఇక్కడ గట్టు కిందకి ఊళ్ళో రాళ్ళన్నీ చేరతాయని నాకెలా తెలుస్తుంది? ఉరుకుందమ్మ విని, "రెండు చెట్లు తొక్కినా మేమేమనుకుంటాము మేడమ్మా" అంది.

చేను నడిమధ్యకి వెళ్ళాం. బరమా దించారు. మూడడుగుల దాకా నల్లమట్టి. రెండో కడ్డీ బిగించాం. ఐదడుగుల దగ్గర తెల్లటి సుద్ద కలిసిన మట్టి వచ్చింది. మూడో కడ్డీకి ఎర్రటి గరుసు మొదలైంది. రాయి నలిగి ఇసకలా అయిన గరుసు అది, కుంట తవ్వడానికి అడ్డం రాదు. ఎనిమిదడుగుల దగ్గర బరమా మొరాయించింది. బాషా "యా అల్లా" అని బలంగా ఒక తిప్పు తిప్పాడు. గులకరాయేదో పక్కకి తప్పుకుంది, మళ్ళీ దిగింది. తొమ్మిది. నా దగ్గర ఉన్నవి నాలుగే కడ్డీలు. నాలుగోదీ బిగించాం. పది దాటింది. పదకొండున్నర దగ్గర పిడి నేలకి ఆనింది, అప్పటికీ కింద రాయి తగల్లేదు.

ఇంకా పది అంగల దూరంలో ఇంకొకటి, అటు చివర మరొకటి వేయించాను. ఒక్క గుంతని నమ్మే రోజులు పోయాయి. రెండూ పది దాటాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. తప్పు చేశానని తేలినందుకు ఇంత హాయిగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

అక్కడే కూర్చుని పుస్తకం తిరగేశాను. నలభై చోట్ల కొలతలున్నాయి. వానాకాలంలో తీసినవన్నీ గట్ల మీదే. బద్వేలులో నేను టీలు పోయించిన కొలత కూడా గట్టుదే, అదే తప్పు రెండోసారి జానెడు పక్కన చేశానంతే. అవన్నీ మళ్ళీ కొలవాలి. బాషాకి చెప్తే, "పోదాం మేడం, మనమిద్దరం బతికుంటే సాలు, జీపుదేముంది" అన్నాడు.

కొత్త కొలత కాగితం మీద రాసి సంతకం చేసి, ఈరన్నకి ఒక నకలు ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళాం. గడప పక్కన మూడు మూటలు తాళ్ళతో బిగించి ఉన్నాయి. బియ్యం ఒకటి, జొన్నపిండి ఒకటి, గిన్నెలూ దుప్పట్లూ ఒకటి. సోమవారం బండికి.

"చూడు ఈరన్నా, నేను రాసిచ్చేది కొలత మాత్రమే. కుంట ఇచ్చేది నేను కాదు. ఎప్పుడిస్తారో కూడా చెప్పలేను" అన్నాను. ఆశ పెట్టి వెళ్ళిపోవడం ఇష్టం లేదు.

"తెలుసు మేడం" అన్నాడతను. కాగితాన్ని మడవకుండా రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. "ఆఫీసుల సుట్టూ తిరగాల. తిరిగేకి ఈడ మనిషి ఉండాల గదా" అన్నాడు మెల్లగా, సగం తనలో తనే.

ఉరుకుందమ్మ జొన్నపిండి మూట దగ్గర గొంతుక్కూర్చుని ముడి విప్పడం మొదలుపెట్టింది. గట్టి ముడి, రాలేదు. పంటితో పట్టి లాగింది.

"ఏమ్మే, అది బండికి కట్టిందే గదా?" అన్నాడు ఈరన్న.

"అయితే? మేడమ్మకు రొట్టెలు సేయొద్దా?" అని, తల ఎత్తకుండానే చేటలోకి పిండి వంచింది. ఇద్దరికి సరిపోయేంత తీస్తుందనుకున్నాను. సగం మూట కుమ్మరించింది.

ఈరన్న ఆ పిండి వైపు చూశాడు. తర్వాత కాగితాన్ని నా చేతికిచ్చి, జేబులోంచి ఫోను తీసి, వాకిట్లోకి వెళ్ళి, కూలీలకి బండి మాట్లాడిన మేస్త్రీతో అన్నాడు: "సోమవారం మా ఇద్దరి కోసరం బండి నిలపొద్దప్పా. ఈ ఏడు మేము రాము."

లోపల ఉరుకుందమ్మ మొదటి రొట్టె తట్టడం మొదలుపెట్టింది.